ఎక్కడా అతకని ముక్క

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనవాడికి అడగటం తప్ప అన్నీ వచ్చు. ప్రోగ్రాములు రాయటం వచ్చు, రాసినవాటిని ఊరికే పంచిపెట్టటం వచ్చు, అలా పంచిపెట్టటం ఎందుకు గొప్పో ఎదుటివాడు ఆవులించేదాకా చెప్పటం ఇంకా బాగా వచ్చు. తీరా తనకే అవసరం పడి, పదిమంది ముందు నిలబడి "కాస్త సాయం చెయ్యండి" అనాల్సి వచ్చేసరికి నాలుక మడతపడిపోయింది.

అతను రాసిన ప్రోగ్రామ్ పేరు సుద్ద. దర్జీలు గుడ్డ మీద గీసుకునే సుద్దముక్క పేరే దానికి పెట్టాడు. మనిషి కొలతలు ఇస్తే చాలు, చొక్కాకైనా కోటుకైనా గౌనుకైనా కటింగ్ కాగితం గీసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసిస్తుంది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి గీత వెంట కత్తెర పోనిస్తే సరి. దాన్ని మొదట వాళ్ళక్క కోసం రాశాడు. అక్కకు కుట్టుపని షాపు ఉంది. బల్ల మీద వంగి గీసి గీసి నడుం పట్టేసి, ఒకరోజు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. ఇంకొకరైతే నడుముకి పట్టీ కొనిచ్చేవారు. ఇతను ఇంటికెళ్ళి తలుపేసుకుని ప్రోగ్రామ్ రాయటం మొదలుపెట్టాడు. పట్టీ సంగతి రెండో వారంలో గుర్తొచ్చింది.

సుద్ద ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశాడో విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు, మార్చుకుంటూ రాసినవాణ్ణి తిట్టుకోవచ్చు. ఎక్కడెక్కడి దర్జీలో దాన్ని ఇంటర్నెట్లోంచి దింపుకుని వాడటం మొదలుపెట్టారు. ఆ ఉత్సాహంలో మనవాడు చేస్తున్న ఉద్యోగం కూడా మానేసి దాని మీదే కూర్చున్నాడు. ఇల్లు భార్య జీతం మీద నడుస్తోంది. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో మాత్రం లెక్కలడక్కుండా చాలాకాలం ఓర్చుకుంది.

ఓర్చుకోలేనివాడు ఆవిడ తమ్ముడు. పెద్ద కంపెనీలో పెద్ద కుర్చీ. మనవాణ్ణి "ఫ్రీ బావా" అని పిలుస్తాడు.

"ఫ్రీ బావా, మా దగ్గర ఖాళీ ఉంది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరిపో. నేను మాట్లాడేశాను."

"మరి సుద్ద?"

"అదే చెప్తున్నా. చేరాక నువ్వు రాసే ప్రతి అక్షరం కంపెనీదే. ఆదివారం ఇంట్లో కూర్చుని రాసినా సరే. ఆ సుద్దా బలపమూ అన్నీ కట్టిపెట్టెయ్యాలి."

భార్య మధ్యే మార్గం చెప్పింది. "ఈ నెలాఖరు దాకా చూడండి. ఇప్పుడందరూ చేస్తున్నారుగా, క్రౌడ్ ఫండింగ్ అని చందాలు వసూలు చెయ్యటం. అది చెయ్యండి. ఏడాది ఇల్లు గడిచేంత వస్తే మీ సుద్ద మీదే కూర్చోండి, నేనింకేం అనను. రాకపోతే మా తమ్ముడు చెప్పినచోట చేరండి."

న్యాయమైన మాట. కాదనటానికి ఏ సందూ దొరక్క ఒప్పుకున్నాడు. ఆ చందాల సైటు పద్ధతి ఏమిటంటే, పేజీలో ఒక పొడుగాటి గడి ఉంటుంది. చందా వచ్చినకొద్దీ అది ఎడమ నుంచి కుడికి పచ్చగా నిండుతుంది. నెలాఖరుకి పూర్తిగా నిండితేనే డబ్బు చేతికొస్తుంది, కొంచెం తక్కువైనా ఎవరిది వాళ్ళకి వెనక్కి వెళ్ళిపోతుంది.

ఇక ప్రచారం మొదలైంది. ముందు పేజీ రాశాడు. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ అంటే ఏమిటి, అది ఎన్ని రకాలు, ఆ రకాల మధ్య తేడాలు, ఆ తేడాల గురించి పెద్దలు పడిన తగాదాలు, అన్నీ వివరంగా రాశాడు. భార్య చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇందులో మీరు సాయం అడిగింది ఎక్కడ?"

"అదిగో, చివరి పేరాలో. 'ఆసక్తి గలవారు ఆలోచించగలరు' అన్నాను కదా."

"ఆలోచిస్తారు లెండి," అంది ఆవిడ.

తర్వాత వీడియో. తెల్లగోడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, కెమెరాకేసి చూడ్డానికి మొహమాటపడి పక్కనున్న కిటికీకేసి చూస్తూ మాట్లాడాడు. చూసినవాళ్ళకి, ఏదో నేరం చేసి దొరికిపోయినవాడు కిటికీలోంచి దూకాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంది. మళ్ళీ తీద్దామంటే అంత ధైర్యం రెండోసారి కూడగట్టుకోలేక అదే పెట్టేశాడు.

ఆ వీడియోని తనలాంటి ప్రోగ్రామర్లు తిరిగే చోట్లన్నిట్లో పెట్టాడు. అక్కడ స్పందన బ్రహ్మాండంగా వచ్చింది. ఒకడు పేజీ రంగు బాగాలేదన్నాడు. ఇంకొకడు సుద్దని మొత్తం వేరే కంప్యూటర్ భాషలో తిరగరాస్తే తప్ప లాభం లేదన్నాడు. ఫొటోలో గడ్డం తప్ప ఇంకేం కనిపించని పాతమిత్రుడొకడున్నాడు, మనవాడు అతన్ని గడ్డం అనే అనుకుంటాడు. ఆ గడ్డం చాంతాడంత జవాబు రాశాడు. పేజీలో ఎక్కడెక్కడ కామాలు పెట్టలేదో అందులో వరసగా ఉంది. ఇంకొకాయనైతే, "ఎలాగూ పని చేస్తున్నారు కాబట్టి చేతి గ్లవ్స్ కటింగ్ కూడా పెట్టండి, నాకు అవసరం" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు. పచ్చగీత మాత్రం గడి అంచుని అంటుకుని అక్కడే నిలబడి ఉంది. అందులో కొంత గీత భార్యది. పేరు దాచి ఇచ్చింది గానీ, అది ఎవరి పనో అతను కనిపెట్టేశాడు.

వాళ్ళ సంగతి సరే, సుద్దని రోజూ వాడుకునే దర్జీలకి చెప్పొచ్చు కదా అని బావమరిది ఫోన్లో అడిగాడు.

"చెప్పాలంటే వాళ్ళెవరో తెలియాలిగా."

"తెలీదా? ఎంతమంది వాడుతున్నారు?"

"అదీ తెలీదు. సుద్ద ఎవరి గురించీ నాకు చెప్పదు. ఇంటర్నెట్‌కి అసలు కనెక్టే అవదు. వాడేవాడి ఇంట్లోకి తొంగిచూడకూడదనేది దాని మొదటి సూత్రం. ఆ విషయం మీద నేనొక సభలో మాట్లాడాను కూడా."

"చప్పట్లు కొట్టారా?"

"బాగా కొట్టారు."

"మంచిది బావా. కొలతలిచ్చి పంపు, ఆఫీసు ఐడీ కార్డు తాడు కొలిచి పెట్టమంటాను," అని బావమరిది ఫోన్ పెట్టేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని అన్నాళ్ళూ వాదించినవాడికి, ఆ కుందేలు మీదెక్కి ఎక్కడికీ పోలేనని ఆరోజు తెలిసింది.

అప్పుడొచ్చిందా ఆలోచన. దర్జీలకి తను చెప్పలేడు. కానీ సుద్ద ప్రింటు తీసే కాగితం ప్రతి దర్జీ బల్ల మీదికీ వెళ్తుంది. ఆ కాగితంలో ముక్కల మధ్య ఎంతో చోటు వృథాగా పడి ఉంటుంది. అందులో ఒక మూల నాలుగు మాటలు రాస్తే? తెర మీద ఎవరినీ విసిగించినట్టూ ఉండదు, అడిగినట్టూ ఉంటుంది. వెంటనే కూర్చుని రాశాడు. 'ఈ ప్రోగ్రామ్ మీకు పనికొస్తుంటే దీన్ని బతికించటానికి సాయం చెయ్యండి. నెలాఖరు దాటితే దీన్ని చూసుకునేవాడు ఉండడు' అని రాసి, కింద చందా పేజీ చిరునామా ఇచ్చాడు. రాసింది చూసుకుంటే సిగ్గేసింది. అక్షరాలు కొంచెం చిన్నవి చేశాడు. ఇంకా సిగ్గేసింది. ఇంకొంచెం చిన్నవి చేసి, నలుపు తీసేసి బూడిదరంగు పెట్టాడు. అప్పటికి సిగ్గు తగ్గింది. అక్షరాలూ కనపడ్డం మానేశాయి. అనాథల్లా ఉన్నాయని వాటి చుట్టూ ఒక డబ్బా గీశాడు.

కొంప ముంచింది ఆ డబ్బానే. గీత బయల్దేరిన చోటికే తిరిగొచ్చి కలిస్తే దాన్ని గుడ్డముక్క కింద లెక్కగట్టమని సుద్దకి చెప్పినవాడు ఎవరు? ఇతనే. సుద్ద పాపం చెప్పిన మాట వినే రకం. డబ్బాని చూసింది, కొత్త ముక్క అనుకుంది. చుట్టూ కుట్టుకి వదలాల్సిన అంచు కలిపింది, గుడ్డ ఏ వైపు తిప్పి పెట్టాలో బాణం గీసింది, మధ్యలో 'రెండు కత్తిరించండి' అని ఇంతేసి అక్షరాలతో రాసింది. ఇదంతా ప్రింటులోనే తప్ప తెర మీద కనపడదు. కనపడకుండా చేసిందీ ఇతనే, మర్యాద కొద్దీ.

ప్రింటు తీసి చూసుకోవచ్చు కదా అంటారు. సుద్ద పుట్టినప్పటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కొత్త వెర్షన్ ఏదైనా ముందు అక్క షాపుకి వెళ్ళాలి. అక్క దాన్ని ప్రింటు తీసి, పాత దుప్పటి మీద పరిచి కత్తిరించి, కుట్టి, కొయ్యబొమ్మకి తొడిగి చూసి, "ఆఁ, పంపు" అంటేనే లోకంలోకి వెళ్ళాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఈసారి తప్పించాడు. అందులో ఉన్నది చెయ్యి చాచి అడగటం కాబట్టి.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. చిన్నప్పుడు ఒకసారి పక్కింటివాళ్ళ సైకిల్ పంపు అడిగి తెచ్చుకుంటే, ఒక్కసారైనా కొట్టనివ్వకుండా గుమ్మంలోంచే వెనక్కి పంపించింది. "మనం ఎవర్నీ ఏదీ అడగం" అంది. ఆ మాట అతని ఎముకల్లోకి ఇంకిపోయింది. అందుకే ఈ చందాల వ్యవహారం అక్కకి చెప్పనేలేదు. ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరబోతున్నానని మాత్రం చెప్పాడు. అక్క సంబరపడిపోయి, "అయితే కొత్త కోటు కుడతాను, ఆ పాత చొక్కాతో పోయి నా పరువు తియ్యకు," అంది.

వెర్షన్ బయటికి వెళ్ళింది. పచ్చగీత కదల్లేదు. సుద్ద పేరు మీద ఒక మెయిల్ పెట్టె కూడా ఉంది గానీ, అందులోకి వచ్చేవన్నీ ఫిర్యాదులే కాబట్టి ఈ నెల దాన్ని తెరవటమే మానేశాడు. అసలే మనసు బాగాలేదు, మళ్ళీ తిట్లు కూడా ఎందుకని.

కోటు తొడిగి చూసుకోవటానికి ఓ సాయంత్రం అక్క షాపుకి వెళ్ళాడు. వీధివైపు అద్దాల తలుపు, లోపల పొడుగాటి కత్తిరింపు బల్ల, మూలన పెద్ద ప్రింటరు, దాని పక్కన తలలేని కొయ్యబొమ్మ. బల్ల నిండా తెల్లకోట్లు. ఆస్పత్రి నర్సుల ఆర్డరట. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని అతని భుజాలు సర్ది, వెనక్కి జరిగి చూసి, చేత్తో బాగుందని సైగ చేసింది. కోటు నిజంగానే బాగుంది. ఆ కోటులో తనని చూసుకుంటే ఎవరో పనిమంతుడిలా కనిపించాడు. ఊరికే చెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఎడమవైపు ఒక జేబు తగిలింది. కుడివైపు ఇంకొకటి.

"ఈ జేబులేంటక్కా? మన కోటు కటింగులో లోపలి జేబులు లేవుగా."

అక్క గుండుసూదులు తీసి దిండుకి గుచ్చింది. "నువ్వే ఇచ్చావుగా. కొత్త వెర్షన్ వచ్చిందని చూసి దింపుకున్నాను. ఉద్యోగం హడావిడిలో చూపించలేదేమో అనుకున్నా. ఎక్కడ కుట్టాలో రాయలేదేంట్రా? ఆ ముక్క కాలరుకి పెట్టి చూశాను, చేతికి పెట్టి చూశాను, ఎక్కడా అతకలా. నువ్వు పెట్టావంటే ఏదో ఉంటుందని రెండ్రోజులు ఆలోచించి జేబులు చేశాను. నర్సుల కోట్లన్నిటికీ కూడా అవే. వాళ్ళకి తెగ నచ్చేశాయి."

బల్ల మీద కాగితం చుట్ట విప్పి ఉంది. మనవాడు దాంట్లోకి చూశాడు. నలుచదరపు డబ్బా, బాణం, 'రెండు కత్తిరించండి'. దాని కింద, చీమల బారులాగా, అతని ప్రార్థన.

తల కొట్టేసినట్టయింది. ఇప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు.

"అవునక్కా. లోపలి జేబులే," అన్నాడు.

ఇంటికొచ్చి మెయిల్ పెట్టె తెరిచాడు. పుట్ట పగిలి చీమలు బయటికొచ్చినట్టు ఉత్తరాలు. అన్నిట్లోనూ ఒకటే ప్రశ్న, ఈ కొత్త ముక్క ఎక్కడ కుట్టాలని. ఒకావిడ ఫొటో పంపింది, కోటు మోచేతుల మీద అతికించి, 'కొత్త ఫ్యాషనా?' అని. ఒకతను పిల్లల యూనిఫారాలకి మోకాళ్ళ దగ్గర వేశాడు, 'చిరగవు, మంచి ఆలోచన' అన్నాడు. నాటకాల కంపెనీకి బట్టలు కుట్టే ఆయన రెండు ముక్కల్నీ రాజుగారి అంగీకి భుజాల మీద నిలబెట్టాడు. ఎక్కువమంది మాత్రం అక్కలాగే లోపలి జేబులు చేసుకున్నారు. భార్య వెనక నిలబడి ఫొటోలు చూస్తూ, నవ్వాపుకోలేక కుర్చీ వీపు పట్టుకుంది. అతనూ నవ్వాడు. సాయం చెయ్యండని అడిగితే జనం ఆ అడిగిందాన్నే కత్తిరించి కుట్టేసుకున్నారు. ఇంతకన్నా చక్కగా అడగటం భూమ్మీద ఇంకెవరికి చేతనవుతుంది?

ఒక ఉత్తరం దగ్గర నవ్వు ఆగిపోయింది. ఎవరో ముసలాయన రాశాడు. 'అయ్యా, ఈ ముక్క నాకు ఎక్కడా అతకటం లేదు. నలభయ్యేళ్ళుగా కుడుతున్నాను. కళ్ళు సరిగా ఆనటం లేదు, కొలతలు నేనే తప్పు తీసుకుని ఉంటాను. మళ్ళీ తీసుకుని చూస్తాను.' మిగతా ఉత్తరాలు కూడా తిరగేశాడు. ఇంతమందిలో ఒక్కరికి కూడా తప్పు సుద్దది అయి ఉంటుందన్న అనుమానం రాలేదు. తననెవరూ పట్టించుకోవట్లేదని నెలంతా లోలోపల ఏడ్చాడు కదా, ఇంత నమ్మకం పెట్టుకున్న మనుషులు వీళ్ళంతా ఎక్కడున్నారు ఇన్నాళ్ళూ? ఇక్కడే, తిట్లుంటాయని తను తెరవని పెట్టెలో. మనవాడికి ఏడుపొచ్చింది.

అలా కరిగిన మనసుతో బుద్ధిమంతుడు చేసే పని, వాళ్ళకి జవాబు రాయటం. మనవాడు డబ్బా తీసేసి, ఆ అక్షరాల్ని కూడా తీసేసి, అప్పటికప్పుడు ఇంకో వెర్షన్ వదిలేశాడు. మళ్ళీ అక్కకి చూపించకుండానే. తప్పు దిద్దేశాను, ఇక ఒకటో తారీఖున కోటేసుకుని పోవటమే అనుకుని పడుకున్నాడు.

తెల్లారేసరికి పెట్టె మళ్ళీ నిండింది. ఈసారి నిజంగానే తిట్లు. 'జేబు ముక్క ఏమైంది?' 'అలవాటయ్యాక తీసేస్తారా?' 'మా కస్టమర్లకి ఏం చెప్పమంటారు?' ఏళ్ళ తరబడి చంక కింద మడత రాకుండా గీత ఎలా వంచాలో లెక్కలు కట్టాడు, దానికి ఒక్కడూ బాగుందని ముక్క రాయలేదు. సిగ్గుపడుతూ గీసిన డబ్బాకి మాత్రం ఇంత డిమాండు.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అక్క. మూడంతస్తులు ఎక్కొచ్చింది, ఆ నడుముతో. చంకలో కాగితం చుట్ట, చేతిలో సూదిలో దారం ఎక్కించటానికి వాడుకునే భూతద్దం.

"జేబేదిరా?" అంది ఆయాసపడుతూ. "సగం కోట్లకి వేశాను. మిగతా సగానికి ప్రింటు తీస్తే ముక్క రాలా. ఆ నర్సులు నన్ను బతకనిస్తారా? పోనీ పాత కాగితం చూసి గీసుకుందామని తీశాను. ఏదో మరక ఉందనుకుని అద్దం పెట్టి చూశాను."

కుర్చీలో కూర్చుంది. కాగితం మోకాళ్ళ మీద పరుచుకుని, అద్దం పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివింది. 'బతికించటానికి' అన్న దగ్గర ఆగింది. 'చూసుకునేవాడు ఉండడు' అన్న దగ్గర ఇంకాసేపు ఆగింది. భార్య నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"ఉద్యోగంలో చేరితే ఇది ఆగిపోతుందా?"

"ఆగిపోతుందక్కా."

"నాతో చెప్పలేదే?"

"చెప్తే, ఎవర్నీ ఏదీ అడగొద్దంటావని."

"నేనెప్పుడన్నాను?"

"సైకిల్ పంపు."

అక్కకి కాసేపు ఏ పంపో గుర్తు రాలేదు. వచ్చాక అద్దంతోనే అతని నెత్తిమీద ఒకటి మొట్టబోయి, అద్దం పగులుతుందని ఆగింది. "ఓరి పిచ్చివాడా! వాళ్ళు ముందురోజే మనల్ని నానా మాటలూ అన్నారు. ఆ మంట మీద పంపించేశానురా వాళ్ళ పంపు. నువ్వు దాన్ని వేదవాక్కు చేసుకుని ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకుని తిరిగావా? నేను ఎంతమందిని అడిగితే నువ్వు ఇంతవాడివయ్యావు? మొదటి మిషన్ అడిగి తెచ్చుకున్నదే. నీ ఫీజుకి గడువు అడిగాను, నీ పెళ్ళికి ఈ అమ్మాయి వాళ్ళింటికెళ్ళి పిల్లనివ్వమని అడిగాను."

"నిజమే," అంది భార్య. "గట్టిగానే అడిగారు."

"అడిగావని కాదు నాకు కోపం," అంది అక్క. "నాకు చూపించకుండా పంపావు చూడు, అందుకు. నాకోసం మొదలెట్టినదాన్ని నాకు చెప్పకుండా చంపేద్దామనుకున్నావు."

మనవాడు తప్పయిపోయిందక్కా అన్నాడు. ఏళ్ళ తరబడి ఉపన్యాసాలిచ్చిన నోటికి అంతకన్నా పొడుగు మాట దొరకలేదు.

అక్క నీళ్ళు తాగి, కొంగుతో కాదుగానీ మెళ్ళో వేలాడే టేపు చివరతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ పనిలో పడింది. "సరే. ఇన్నేళ్ళలో నువ్వు చేసినవాటిలో జనం నోరు తెరిచి కావాలని అడిగింది ఈ జేబు ఒక్కటే. దాని పేరు చెప్పే అడుగు. ఫోన్ తియ్యి."

"వీడియో ఆల్రెడీ ఉందక్కా."

భార్య చూపించింది. అక్క, అతను కిటికీకేసి తిరిగేదాకా చూసి, "ఇది తీసెయ్యి," అంది.

అక్కడే, ఆ కుర్చీలోనే, అక్క చదరపు ముక్కని చేత్తో పట్టుకుని ఫోన్‌కేసి సూటిగా చూసి మాట్లాడింది. "నేనూ మీలాగా కుట్టుపని చేసేదాన్నే. ఈ ముక్క మా తమ్ముడు పొరపాటున పెట్టాడు. వాడు సాయం అడగబోయి, అడగటం చేతకాక, చదవటానికి రాకుండా రాశాడు. మీరూ నేనూ కలిసి దాన్ని జేబు చేశాం. ఆ జేబు మళ్ళీ వస్తుంది, దీన్ని చూసుకోవటానికి వీడుంటే. వీడుండాలంటే ఆ జేబులోంచి తీసి మీకు తోచింది ఇవ్వండి. నెలాఖరు దాటితే మనమంతా మళ్ళీ బల్ల మీద వంగి గీసుకోవాలి. నా నడుం ఒప్పుకోదు, మీ నడుం సంగతి మీరు చూసుకోండి."

ఒక్కసారికే అయిపోయింది. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి అందులో ఒక్క ముక్క లేదు. గడ్డం చూస్తే ఏమంటాడో అని మనవాడు ఒక్క క్షణం భయపడి, ఆ భయానికి తనే సిగ్గుపడ్డాడు.

ఆ సాయంత్రమంతా కూర్చుని, ఉత్తరం రాసిన ప్రతి ఒక్కరికీ విడిగా జవాబు రాశాడు. తప్పు నాదేనని ముందు చెప్పి, తర్వాత వీడియో పెట్టాడు. ముసలాయనకి అందరికన్నా ముందు రాశాడు. మీ కొలతలు సరిగ్గానే ఉన్నాయండీ, ఆ ముక్క ఎక్కడా అతకదు, అతకకపోవటం నా తెలివితక్కువ అని. సుద్ద ఎవరి ఇంట్లోకీ తొంగిచూడలేదు. వాళ్ళే తలుపు తీసుకుని వచ్చారు కాబట్టి, మనవాడి మొదటి సూత్రం కూడా చెక్కుచెదరకుండా మిగిలింది. ఇంత పొరపాటు చేసీ సూత్రం దక్కించుకున్నానని లోపల కాస్త గర్వపడ్డాడు కూడా. జబ్బు అంత తొందరగా పోతుందా?

వాళ్ళు ఇంకో దర్జీకి చెప్పారు, ఆ దర్జీ మరొకళ్ళకి. ముసలాయన చందా కొద్దిదే. కింద మాత్రం ఒక మాట రాశాడు, 'కళ్ళు పోయాయనుకున్నాను బాబూ, బతికించావు' అని. గడ్డం కూడా ఇచ్చాడు. ఇచ్చి, వీడియోలో వెలుతురు సరిగా లేదన్నాడు. పచ్చగీత గడి అంచు వదిలి కదిలింది, సగం దాటింది, నెల చివరి రోజు భార్య స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే తెర ముందు నిలబడి చూస్తుండగా ఆ చివర ముట్టుకుంది. ఆవిడ అతని భుజం మీద చెయ్యేసి, చాలాసేపు తియ్యలేదు.

బావమరిదికి ఫోన్ చేసి, రావట్లేదని చెప్పాడు.

"ఉన్నట్టుండి ఏం చేశావు బావా?"

"తప్పు చేశాను."

"సరిదిద్దావా?"

"సరిదిద్దితే తిట్టారు. మళ్ళీ పెడతానంటే చందాలిచ్చారు."

"మా కంపెనీలో ఆ పద్ధతి లేదు బావా," అన్నాడు బావమరిది.

మర్నాడు ఒకటో తారీఖు. మనవాడు కొత్త కోటేసుకుని బయల్దేరి అక్క షాపుకి వెళ్ళాడు, కొత్త వెర్షన్ పట్టుకుని. ఈసారి జేబు ముక్క మీద 'లోపలి జేబు, ఎక్కడ కుట్టాలో మీ ఇష్టం' అని ఉంది. సాయం అడిగే మాటలు వేరేగా, డబ్బా లేకుండా ఉన్నాయి. అక్క ప్రింటు తీసి, పాత దుప్పటి మీద పరిచి, ముక్కలన్నీ కత్తిరించి, కుట్టి, కొయ్యబొమ్మకి తొడిగింది. జేబులో చెయ్యి పెట్టి చూసింది. తర్వాత కాగితం తీసుకుని భూతద్దం కోసం వెతకబోయి, అక్కర్లేదని మానేసి, మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది.

"ఏం అడుగుతున్నావో చదివి వినిపించు. అప్పుడు పంపుదువుగాని."

మనవాడు చదివాడు. మిషన్ చప్పుడులో అతనికే వినపడలేదు.

"గట్టిగా," అంది అక్క, తొక్కటం ఆపి.

గొంతు సవరించుకుని మళ్ళీ చదివాడు. ఈసారి వీధిలో పోతున్న ఇద్దరు తిరిగి చూశారు. పక్కషాపులో గడియారాలు బాగుచేసే ఆయన కంటికి తగిలించుకున్న అద్దంతోనే గుమ్మంలోకి వచ్చి, ఏమైందమ్మా అని కంగారుగా అడిగాడు.

"ఏం లేదండీ," అంది అక్క, నవ్వుతూ. "మా తమ్ముడు సాయం అడుగుతున్నాడు. రండి, మీరూ కూర్చుని వినండి."